ఇనప ముక్కు పడవ

ఇల్దార్ పడవ మూడోసారి మంచులో ఇరుక్కుంది. ఈసారి దాన్ని వెనక్కి లాక్కురావడానికే ఒక పూట పట్టింది. ఒడ్డు చేరాక చూస్తే ముక్కు దగ్గర రెండు చెక్కల అతుకు విడిపోయి, లోపల మోకాలి లోతు నీళ్ళున్నాయి.

కాస్పియన్ సముద్రపు ఉత్తరపు కొసన, చలికాలంలో సముద్రమే గడ్డకట్టే చోట ఉంది ఇల్దార్ ఊరు. ఎదురుగా రెండు కోసుల దూరంలో జాలర్ల దీవి. పంతొమ్మిది ఇళ్ళు. ఏటా నీళ్ళు గడ్డకట్టకముందే వాళ్ళకి పిండి బస్తాలు చేరిపోయేవి. ఆ ఏడు చలి ఇరవై రోజులు ముందే వచ్చింది. మంచు ఒకచోట నాలుగు వేళ్ళ మందం, ఇంకోచోట రెండు వేళ్ళు. బండి తోలదామంటే పలచన, పడవ నడుపుదామంటే గట్టి.

దీవిలో రొట్టెల పొయ్యిలు రాజేస్తే ఒడ్డుకి పొగ కనిపిస్తుంది. మొదటి వారం పంతొమ్మిది పొగలు లేచాయి. తర్వాత పదకొండు. ఆ ఉదయం ఇల్దార్ చూస్తే ఆరు. ఆ ఆరింటిలో తన అక్క ఫహీమా ఇంటిది ఉందో లేదో అంత దూరం నుంచి తెలియదు.

ఇల్దార్ చేతకానివాడేమీ కాదు. సఫ్వాన్ ఉస్తాద్ దగ్గర పదకొండేళ్ళు పని నేర్చాడు. ఉస్తాద్ ఆ ఊరి సూఫీ గురువు, పడవలు కట్టే వడ్రంగి కూడా. పగలు చెక్క పని, సాయంత్రం మఠంలో జపం. రెండు చోట్లా అవే ముఖాలు. ఇల్దార్ సొంతంగా కట్టిన మొదటి పడవ ఇదే. ముక్కుని గొడ్డలి అంచులా నిటారుగా నిలబెట్టి, ఇనపరేకు తొడిగాడు. "మంచుని చీల్చుకుంటూ పోతుంది, చూస్తూ ఉండండి" అని ఊరందరికీ చెప్పాడు. ఉస్తాద్ ఆనాడు ఏమీ అనలేదు. ఇప్పుడు ఇల్దార్‌ని ఎక్కువగా పొడుస్తున్నది అదే.

తడి బట్టలతోనే మఠం వంటింటికి వెళ్ళాడు. ఉస్తాద్ చేపల పులుసు ముందు కూర్చుని ఉన్నాడు.

"బాబా, మన మఠం తలుపుకున్న ఇనప పట్టీలు కావాలి."

"దేనికిరా?"

"ముక్కు ఇంకా మందం చేస్తాను. ఇంకా వెనక నుంచి, ఇంకా జోరుగా తెచ్చి గుద్దిస్తాను."

"ఊడదీసుకో. చలి లోపలికొస్తే నీ పేరు చెప్పుకుని వణుకుతాం."

"వేళాకోళం వద్దు బాబా. అక్కడ ఆరు పొయ్యిలే వెలిగాయి."

ఉస్తాద్ ముఖంలో నవ్వు పోయింది. "తెలుసు. నేనూ లెక్కపెట్టాను."

పక్కనున్న రొట్టెని ఇల్దార్ ముందుకి జరిపాడు. వారం నాటిది, పలకలా ఎండిపోయింది.

"ముందు ఇది విరిచిపెట్టు. నాకు పళ్ళు లేవు. ఎత్తకూడదు సుమా. బల్ల మీద ఉండగానే అంచు మీద తొయ్యి."

రొట్టె అవతలి అంచుని గోడకి ఆనించి, ఇల్దార్ ఇవతలి అంచుని అరచేత్తో నెట్టాడు. కదల్లేదు. భుజం బలమంతా పెట్టి నెట్టాడు. చివరికి పిడికిలితో గుద్దాడు. వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. బల్ల మీద కాసిని రవ్వలు రాలాయి.

"బాగానే వస్తోంది," అన్నాడు ఉస్తాద్. "ఈ లెక్కన ఎండాకాలానికి నా భోజనం అవుతుంది. చేతికి ఇనప పట్టీ చుట్టమంటావా?"

ఇల్దార్ గీరుకుపోయిన వేళ్ళని నోట్లో పెట్టుకున్నాడు.

ఉస్తాద్ రొట్టెని తనవైపు లాక్కున్నాడు. సగం బల్ల మీద, సగం బల్ల దాటి గాల్లో. బల్ల మీది సగాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి, గాల్లో ఉన్న కొస మీద కుడిచేతి వేలు పెట్టి కిందికి నొక్కాడు.

టక్.

ఆ ముక్కని పులుసులో ముంచుకుని తినడం మొదలెట్టాడు.

ఇల్దార్ మిగిలిన సగాన్ని బల్ల అంచుకి జరిపి వేలితో నొక్కాడు. విరిగింది. ఇంకొంచెం జరిపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ విరిగింది. మూడో ముక్కకి ఉస్తాద్ రొట్టె లాగేసుకున్నాడు.

"ఇది నా అన్నంరా. నీ పడవ దగ్గరికి పో."

ఇల్దార్ పట్టీల సంగతే మరిచిపోయి బయటికి నడిచాడు.

రెండు రోజులు రంపం ఆగలేదు. ఇనపరేకు పీకేశాడు. నిటారు ముక్కుని కోసేసి, గరిట అడుగులా ఏటవాలుగా, కింద నున్నగా మలిచాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళు "ముక్కు పోగొట్టుకుని పడవ పళ్ళికిలిస్తోందిరా" అని నవ్వారు. మూడో రోజు పొద్దున దీవిలో నాలుగే పొగలు. బస్తాలన్నీ పడవ వెనక భాగంలో సర్ది, తొమ్మిది మందిని ఎక్కించుకుని బయల్దేరాడు.

మంచు మొదలైన చోట తాడు కట్టిన కొక్కేన్ని ముందుకి విసిరి, మంచులో దిగాక తాడు లాగారు. పడవ గుద్దుకోలేదు. మూతి పైకెత్తి, మంచు మీదికి మెల్లగా పాకి, సగంలో ఆగిపోయింది.

"ఎక్కేసింది!" అని అరిచాడు తెడ్లవాళ్ళలో పెద్దవాడు బులాత్. "ఇక చక్రాలు కట్టించు నాయనా, నేల మీదే పోదాం!"

అందరూ నవ్వారు.  ఇల్దార్ గొంతు పెంచలేదు. "అందరూ ముందుకొచ్చి కూర్చోండి. మెల్లగా."

తొమ్మిది మందీ ముందుకొచ్చి కూర్చున్నారు. రెండు ఊపిర్ల సేపు ఏమీ జరగలేదు. తర్వాత కాళ్ళ కింద ఎక్కడో ఒక మూలుగు. కళ్ళం అంత మంచు పలక వంగి, ఫెళ్ళున విరిగి నీళ్ళలోకి దిగిపోయింది. పడవ మళ్ళీ నీళ్ళ మీద తేలింది.

ఎవరూ నవ్వలేదు. బులాత్ ఎవరూ చెప్పకుండానే లేచి వెనక్కి నడిచి, కొక్కెం తాడు అందుకున్నాడు.

పొద్దు వాలేసరికి దీవి ఒడ్డుకి చేరారు. ఫహీమా శాలువా కప్పుకుని జనం ముందు నిలబడి ఉంది. చిక్కిపోయింది కానీ నోరు చిక్కలేదు.

"ఇంత ఆలస్యమా? మూడుసార్లు నువ్వు తిరిగిపోవడం ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాం," అంది. తర్వాత పడవ వచ్చిన దారి వైపు, ఆ నల్లటి నీటి చార వైపు చూసింది. "అంత గట్టి మంచు ఈసారి నీకెలా లొంగిందిరా?"

ఇల్దార్ మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు.

"ఏమో అక్కా. కాసేపు దాని మీద కూర్చున్నాం, అంతే."