డబ్బా కాలంలో చెలమ నీళ్లు

అనగనగా ఒక అడవిలో ఎలుగు మామ ఉండేవాడు. ఆయనకి వినయం మహా ఎక్కువ. గడిచిన కాలాలకి పేర్లు పెట్టే పని ఆయనదే. అయినా ఏ కాలానికీ తన పేరు పెట్టుకోలేదు. తన పుల్ల పేరు పెట్టుకున్నాడు, అంతే.

పుట్టలో పుల్ల దూర్చి చెదలు తినడం ఆయన కనిపెట్టిన రోజులు పుల్ల కాలం. కోతులు రాళ్లతో కాయలు పగలగొట్టడం నేర్చాక రాతి కాలం. తర్వాత మనుషులెవరో పారేసిపోయిన రేకు డబ్బా దొరికింది. అందులో వాగు నీళ్లు దాచుకున్నారు. అది డబ్బా కాలం. ఏటా మోదుగ పూసిన రోజు అందరూ చేరి, మామ నోట ఆ పాత రోజులు విని నిట్టూర్చేవారు.

ఒక ఏడు ముసలి అడవిపంది ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"అల్లుడూ, నా ముట్టె అరిగిపోయింది. వాగు ఇసుకలో ఎక్కడ చెలమ తవ్వితే నీళ్లు ఊరతాయో చూపిస్తాను. ఒక్కసారి ఇసుకలోకి రా."

"డబ్బా ఉండగా చెలమ దేనికత్తా? నువ్వింకా పుల్ల కాలంలోనే ఉన్నావు."

"పుల్ల కాలంలో నువ్వు తాగింది పుల్లల్నా, నీళ్లనా?" అని పంది వెళ్లిపోయింది. ఆ చలికాలంలోనే కన్నుమూసింది.

వేసవిలో వాగు ఎండింది. డబ్బాలో నీళ్లు రెండు రోజుల్లో అయిపోయాయి. జింకపిల్ల నాలుక బయటపెట్టి పడిపోయింది. దాని తల్లి మామ వైపు చూసింది.

మామ వాగులోకి దిగాడు. నడిమధ్య తవ్వాడు, పొడి ఇసుక. బండ పక్కన తవ్వాడు, పొడి ఇసుక. అక్కడే కూలబడి పాత రోజుల్ని తలుచుకున్నాడు. ఈసారి పుల్లా, రాయీ కాదు, వాటి వెనక ఒక ముట్టె కనిపించింది. ఏ వేసవిలో చూసినా అదే ముట్టె. వాగు వంపు దగ్గర ఆగేది. ఇసుక వాసన చూసేది. తవ్వేది. పిల్లలు తాగేదాకా పక్కకి తప్పుకుని నిలబడేది. ఆ నీళ్ల చల్లదనం ఆయన గొంతుకి గుర్తొచ్చింది.

వంపు దగ్గరికి పోయి, వాసన చూసి తవ్వాడు. నీళ్లు ఊరాయి. జింకపిల్ల తాగింది.

మరుసటి ఏడు అందరూ చేరినప్పుడు, ఈ కాలానికి ఏం పేరు పెడతావని కోతి అడిగింది.

"అన్ని కాలాలూ ఆమెవే. ఆమె పేరే పెడదాం," అన్నాడు మామ.

"ఆమె పేరేంటి?"

మామ తల గోక్కున్నాడు. అత్తా అని పిలిచాడే గానీ ఎన్నడూ అడగలేదు. జింకని అడిగాడు, కోతుల్ని అడిగాడు. ఎవరికీ తెలియదు.

"నాకు చెలమ తవ్వడం వచ్చింది. ఆమె పేరు మాత్రం ఇంకా తెలియలేదు," అన్నాడు.

నీతి: కాలానికి వస్తువుల పేరు ఎలాగూ మిగులుతుంది. ఆ కాలాన్ని బతికించిన వాళ్ల పేరు, వాళ్లు ఉండగానే అడిగి తెలుసుకోవాలి.