డిటో గారు

"మాస్టారూ, ఇంత పెద్ద ఫారం చివరికి ఎవరు చదువుతారండీ?" అని హైమవతి ఒకరోజు అడిగింది. సోమలింగం గారి దగ్గర ఇన్సూరెన్సు పని నేర్చుకోవడానికి చేరి అప్పటికి మూడు నెలలైంది. రాజమండ్రి చుట్టుపక్కల లారీలకీ వ్యాన్లకీ ముప్ఫై ఏళ్లుగా బీమా చేయిస్తున్న ఆయనకి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ రోజూ అదే పని చేసి, "కడియం వెళ్దాం రామ్మా" అన్నారు.

కడియంలో గంగరాజు గారికి నర్సరీ ఉంది. మొక్కలు మోసుకుంటూ నాలుగు రాష్ట్రాలు తిరిగే వ్యాన్లు ఏడున్నాయి. ఏడింటికీ కలిపి ఒకే దరఖాస్తు. పాత బీమా ఆ రాత్రితో ముగుస్తుంది. ఐదో వ్యాను గులాబీ మొక్కలతో మర్నాడు బెంగుళూరు బయల్దేరాలి. గంగరాజు గారు తొందరలో ఉన్నారు. మొదటి బండి నంబరు, దాన్ని నడిపే నూకరాజు పేరు, అతని లైసెన్సు గడువు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. కింది ఆరు వరుసల్లో మాత్రం డ్రైవరు గడి నిండా "డిటో, డిటో" అని రాసుకుంటూ పోయారు. పని తొందరగా తెమిలిందని హైమవతి లోలోపల సంతోషించింది. ఆమెనని ఏం లాభం, మనమైనా సంతోషించేవాళ్లమే.

సోమలింగం గారు ఫారం పట్టుకుని బయటికెళ్లి, వరసగా నిలబెట్టిన వ్యాన్ల ముందు నిలబడి గట్టిగా పిలిచారు.

"డిటో గారూ! ఒకసారి ఇలా రండి!"

మొక్కలకి నీళ్లు పెడుతున్న ఆడవాళ్లు తలలెత్తి నవ్వారు. ఎవరూ రాలేదు.

"ఏంటి మాస్టారూ, ఎగతాళా?" అన్నారు గంగరాజు గారు, కాస్త కోపంగానే.

"ఎంతమాటండీ! ఆరు బళ్లు ఆయనే నడుపుతారని మీరే రాశారు కదా. రేపు దారిలో ఏదైనా జరిగితే కంపెనీవాళ్లు ఆయన్నే అడుగుతారు. మనిషిని ఒకసారి చూసి పెట్టుకుందామని."

గంగరాజు గారు ఫారం లాక్కుని మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. రెండో వరుసలో డిటో కొట్టేసి డ్రైవరు పేరు రాశారు. మూడు, నాలుగు కూడా అయ్యాయి. ఐదో దగ్గర కలం ఆగింది. ఆ బండి సూరన్నది, పదిహేనేళ్లుగా తన దగ్గరున్న మనిషిది. అతని లైసెన్సు తను ఎప్పుడూ చూసినట్టు లేదు. కేకేస్తే సూరన్న వచ్చి, లైసెన్సు చేతిలో పెట్టి తల దించుకున్నాడు. గడువు తీరి పధ్నాలుగు నెలలైంది.

"చెప్పలేదేం సూరన్నా?"

"కుడికన్ను సరిగ్గా ఆనట్లేదండి. కంటి పరీక్షంటే భయమేసింది బాబుగారూ. మీరూ అడగలేదు కదండీ."

గంగరాజు గారికి కిందటేడు ఫారంలోనూ ఆ గడిలో డిటోయే ఉందని గుర్తొచ్చి సిగ్గేసింది. ఏడాది పొడుగునా ఆ ఒంటికన్నుతో అతను తిరిగిన రోడ్లన్నీ కళ్ల ముందు కదిలాయి.

"ఐదో బండి రేపు కదలదు. మొక్కలు వాడితే వాడాయి" అన్నారు చివరికి. "పొద్దున్నే తయారుగా ఉండు. కంటాసుపత్రికి నేనే తీసుకెళ్తా."

తిరుగు బస్సు వేమగిరి దాటాక సోమలింగం గారే, కిటికీలోంచి చూస్తూ అన్నారు.

"ఫారం ఎవరు చదువుతారని కదమ్మా అడిగావు? ఇవాళ ఒకాయన చదివారు."