ఓబులమ్మ తెరిచిన కోట తలుపు

అనగనగా అలనాడు, గువ్వలకొండ అనే ఊళ్ళో, కొండమీద ఓ పెద్ద కోట ఉండేది కన్నా. దాన్ని కట్టించిన రాజు యుద్ధంలో కొడుకులిద్దరినీ పోగొట్టుకున్నాడు. అప్పుడు "ఇక ఈ కోట నాకొద్దు" అని జైన సన్యాసులకి ధారపోశాడు.

ఆ సన్యాసులు రాయి తొలిచి నీళ్ళ దొన తవ్వారు. చాలా కాలానికి వాళ్ళు వలసపోతూ కోటని జంగమయ్యలకి అప్పగించారు. జంగమయ్యలు వంటశాల కట్టి, దారినపోయే వాళ్ళకి అంబలి పోశారు. ఆ తర్వాత ఆఖరి జంగమయ్య ముసలివాడై మంచం పట్టాడు. ఊళ్ళో వైద్యం చేసే కన్యాస్త్రీలొచ్చి ఆయనకి సేవ చేశారు. అప్పుడాయన తాళంచెవులు వాళ్ళ పెద్ద మదర్ అగాతమ్మగారి చేతిలో పెట్టాడు. వాళ్ళక్కడ ఆసుపత్రి పెట్టారు.

ఎంతమంది చేతులు మారినా, తలుపు కాసేది మాత్రం ఒకే ఇంటివాళ్ళు. అప్పటికి ఆ పని ఓబులమ్మది.

ఒక ఏడు కలరా వచ్చింది. కోట నిండా రోగులే. సరిగ్గా అప్పుడే కొత్త జమీందారు కన్ను కోటమీద పడింది. "మా వంశపు రాజు కట్టింది. వేటబంగళా చేసుకుంటా. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యండి" అని కబురు పెట్టాడు.

మొదటిరోజు దివానుగారు పట్టుచీర తెచ్చి తాళం అడిగాడు. ఓబులమ్మ చీర ముట్టుకోలేదు. రెండోరోజు బంట్రోతులొచ్చి ఆమె గుడిసె పీకేశారు. ఆమె వచ్చి తలుపుకి అడ్డంగా కూచుంది.

మూడోరోజు జమీందారే గుర్రమెక్కి వచ్చాడు.

"ఎవరిదే ఈ కోట?"

ఓబులమ్మ లేచి, రెండు తలుపులూ బార్లా తీసేసింది.

"లోపల పడుకున్నవాళ్ళది దొరా. మీరే రండి. మీ చేత్తోనే ఒక్కొక్కళ్ళనీ ఎత్తి బయటపెట్టండి."

జమీందారు విసురుగా లోపలికి నడిచాడు. మొదటి మంచంమీద ఓ కుమ్మరి అవ్వ. రెండో మంచంమీద ఓ బాలింత. మూడో మంచం దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. అక్కడున్నది మస్తాను. చిన్నప్పుడు తనకి గుర్రపుస్వారీ నేర్పిన మస్తాను. జబ్బు చేస్తే దివాణం వాళ్ళే అతన్ని దారిలో వదిలేశారు. ఓబులమ్మ వీపున మోసుకొచ్చింది.

మస్తాను కళ్ళు తెరిచాడు. "చిన్నదొరా, గుర్రానికి నీళ్ళు పెట్టారా?"

జమీందారు నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాత, కోట ఎప్పటికీ ఆసుపత్రిదేనని కాగితం రాసిచ్చి, వచ్చిన దారినే దిగిపోయాడు.

తలుపు కాసేవాళ్ళు గుమ్మం బయటే తినాలని ఆ కోటలో పాత ఆచారం. ఆ మధ్యాహ్నం అగాతమ్మగారు భోజనశాల నడుమ చాప పరిచి, ఓబులమ్మని కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించింది. కన్యాస్త్రీలంతా నిలబడే ఉన్నారు. ఓబులమ్మ మెడ నిటారుగా నిలిపి, మహారాణిలా కడుపునిండా తింది.

కథేమో కంచి చేరింది,
కంటికి నిదర చేరింది,
కన్నా, మన కోట ఈ పక్కే,
కప్పుకో దుప్పటి చక్కగానే!