వకుళ మేడ దిగిన రోజు

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు కన్నా, మొన్నమొన్నటి సంగతే. కాకినాడలో ఒక చిన్న మేడ ఇల్లు. ఆ ఇంట్లో వకుళ అని ఒకావిడ ఉండేది. మొగుడి పేరు ప్రకాశం. ఎరువుల ఫ్యాక్టరీలో పని. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో ఇంకో మనిషి, వకుళ అత్తగారు, భ్రమరాంబగారు.

వకుళది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఒక బస్సుల కంపెనీకి. బస్సు రాలేదని ఒకరు, పెట్టె పోయిందని ఒకరు, కిటికీ సీటు ఇవ్వలేదని ఇంకొకరు ఫోన్లు చేసి గోలపెట్టేవాళ్ళు. వకుళ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పేది. మేడమీద గదిలో, గోడవైపు తిరిగి, ఇంత లావు కంప్యూటరు ముందు.

పొద్దున్నే వంట చేసి మేడెక్కితే మళ్ళీ సాయంత్రమే దిగడం. మధ్యాహ్నం మాత్రం మెట్ల మీంచి కేకేసేది. "అత్తయ్యా, తిన్నారా?" "తిన్నానమ్మా!" అని కిందనుంచి జవాబు వచ్చేది. వకుళ నిశ్చింతగా వెళ్ళి మళ్ళీ ఫోను అందుకునేది.

ఒకరోజు ఆ కంప్యూటరు టప్‌మంది. గదంతా కాలిన వాసన. బాగుచేసే ఆయన వచ్చి, మూత విప్పి చూసి, పెదవి విరిచేశాడు. "దీని పని అయిపోయిందండీ" అన్నాడు.

అప్పుడు ప్రకాశం ఒక లాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. వకుళ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయింది. భ్రమరాంబగారు వేళ్ళతో తడిమి, "పలకంత లేదు కదే! నీ ఆఫీసంతా ఇందులోనే పట్టిందా?" అని ముక్కున వేలేసుకున్నారు.

అసలే ఎండాకాలం. మేడమీద గది కొలిమిలా ఉంది. దీన్నయితే ఎక్కడికైనా పట్టుకెళ్ళచ్చు కదా! అందుకని వకుళ పనివేళ మేడ దిగి, హాల్లో సోఫామీద కూర్చుంది. ఆ ఇంట్లో పగటిపూట ఏం జరుగుతుందో చూడడం ఆవిడకి అదే మొదలు.

కాసేపటికి భ్రమరాంబగారు వరండాలోంచి లోపలికి వచ్చారు. గోడ పట్టుకుని, మెల్లిగా. కొక్కేనికి ప్రకాశం చొక్కా వేలాడుతోంది. దాని ముందు ఆగి, "నిలబడే ఉన్నారేం బాబూ, కూర్చోండి. మా అబ్బాయి సాయంత్రం వస్తాడు" అన్నారు.

వకుళ నవ్వబోయింది. అత్తగారి మొహం చూసింది. ఆవిడ వేళాకోళం ఆడటంలేదు.

ఆ తర్వాత భ్రమరాంబగారు సోఫాకి ఎదురుగా ఉన్న వంటగదిలోకి వెళ్ళి మజ్జిగ పోసుకున్నారు. గ్లాసులోకి వేలు దించి, ఆ వేలికి చల్లగా తగిలేదాకా పోసి, ఆపారు. అవతల ఫోనులో ఎవరో "హలో, హలో" అంటున్నారు. వకుళ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేసింది.

అప్పుడు భ్రమరాంబగారు చారు వేడి చేసుకుందామని పొయ్యి దగ్గరికి వెళ్ళారు. గ్యాస్ తిప్పారు. చెవి దగ్గరపెట్టి బుస్సుమనే చప్పుడు విన్నారు. లైటరు నొక్కారు. మంట భగ్గుమంది. పమిట చెంగు జారి మంట మీద పడింది. చెంగు అంటుకుంది కన్నా! ఆవిడకి కనపడలేదు. చారుగిన్నె కోసం అటూ ఇటూ తడుముకుంటూ ఉన్నారు.

"అత్తయ్యా!"

వకుళ ఒక్క గెంతు గెంతింది. ఒళ్ళో ఉన్న కొత్త లాప్‌టాప్ ధనామని కిందపడింది. పడితే పడింది! పమిట లాగేసింది, బిందెడు నీళ్ళు కుమ్మరించింది, పొయ్యి కట్టేసింది. ఇద్దరూ ఆ తడినేల మీదే కూలబడిపోయారు.

"మీకు కళ్ళు కనపడట్లేదా అత్తయ్యా? ఎప్పట్నుంచి?"

"ఎప్పుడో మొదలైందే. ముందు కుడికన్ను మసకేసింది. తర్వాత రెండోదీనూ. ఇప్పుడంతా పొగే."

"మరి నాకు చెప్పరేం?"

భ్రమరాంబగారు కాలిన చెంగు చేత్తో తడుముకున్నారు. "ఎప్పుడు విన్నా పైనుంచి నీ గొంతే వినపడేది. ఊళ్ళోవాళ్ళందరి గొడవలూ నువ్వే తీరుస్తుంటివి. మధ్యలో నాదొకటి ఎందుకులే అనుకున్నాను."

వకుళది ఎంతమందితోనో "మీ ఇబ్బంది చెప్పండి" అన్న నోరు. ఈ ఒక్క మనిషినీ అడగలేదు. అత్తగారిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడే కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. శుక్లాలు, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది అన్నారు డాక్టరమ్మ. "కంట్లో కత్తి పెడతారుటే? నాకొద్దు, ఇంటికి పోదాం" అన్నారు భ్రమరాంబగారు. వకుళ చెయ్యి వదల్లేదు. "నేనిక్కడే ఉంటానుగా అత్తయ్యా" అంది. అన్నట్టే ఉంది. ఆ లాప్‌టాప్ మూల కొంచెం చిట్లింది కానీ పని చేస్తోంది. ఆస్పత్రి బల్లమీద కూర్చుని, ఒక చేత్తో పని, ఇంకో చేత్తో అత్తగారి చెయ్యి.

ముందు ఒక కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. భ్రమరాంబగారు కన్ను చికిలించి, మెల్లిగా తెరిచారు. ఎదురుగా కిటికీ. కిటికీ పక్కన వకుళ. ఆవిడ అలా చూస్తూనే ఉండిపోయారు. వకుళకి మళ్ళీ భయం వేసింది. "కనపడట్లేదా అత్తయ్యా?" అని దగ్గరికి వంగింది.

భ్రమరాంబగారు నోటిమీద చెయ్యి వేసుకున్నారు.

"ఒసేయ్ వకుళా! నీ తల ఎప్పుడు నెరిసిపోయిందే? చంపల దగ్గరంతా తెల్లగా! నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదేం?"

వకుళ చంపలు తడుముకుంది. భ్రమరాంబగారు కోడలి తల రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, ఆ తెల్లవెంట్రుకలన్నీ ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చున్నారు.

ఇంకేముంది కన్నా,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
దుప్పటేమో ఒంటికి!