గుండ్రాయి కోత

ఎవరైనా ప్రశ్న అడిగితే అనంతశయనం అయ్యవారికి ముందు విసుగు వచ్చేది. జవాబు ఆ తరవాత ఎప్పుడో వచ్చేది, చాలాసార్లు వచ్చేదే కాదు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆయన సాయంత్రాలు ఉపనిషత్తులు చెప్పేవారు. వినడానికి వచ్చేవాళ్ళం పట్టుమని పదిమందిమి కూడా ఉండేవాళ్ళం కాదు. పగలు మాత్రం ఆయన ఊరి బయట నల్లరేవు వాగులో రాళ్ళు ఏరుకునేవారు. శిష్యుడెవరైనా సందేహం పట్టుకొస్తే, "ఆదివారం సంచి తెచ్చుకో" అనేవారు. ఆ వాగు ఎండ, ఆ సంచి బరువు తెలిసినవాళ్ళకు ఆ మాటతోనే సందేహం తీరిపోయేది.

మందాకినికి తీరలేదు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. భర్త కోదండపాణి బస్సు డ్రైవరు. అంతకు ముందు యేడు వానల్లో ఒక ముసలాయన రోడ్డు దాటుతూ పాణి బస్సు కింద పడి చనిపోయాడు. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. చూసినవాళ్ళూ అదే చెప్పారు. అయినా ఆ రోజు నుంచి పాణి మాట్లాడడం మానేశాడు. మౌనవ్రతం కాదది. అన్నం పెట్టమంటాడు, కరెంటు పోయిందంటాడు, పాలు వచ్చాయంటాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఇక స్టీరింగు ముట్టుకోనని చెప్పి డిపోలో టైర్లు చూసే పని వేయించుకున్నాడు.

మందాకిని చెయ్యని ప్రయత్నం లేదు. బతిమాలింది. కోప్పడింది. అన్నం మానేసి పడుకుంటే అతను ఆవిడ కంచం మీద మూత పెట్టి పక్కగదిలోకి వెళ్ళాడు. బావగారిని పిలిపించి పెద్దమనిషిగా కూర్చోబెడితే ఇద్దరన్నదమ్ములూ పేపరు చదువుకున్నారు. "మీ మనసులో ఏముందో చెప్పండి" అని ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అనేవాడు. ఆ "ఏం లేదు" వినీ వినీ ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం పాఠం ముగిశాక అందరం ఉండగానే అడిగేసింది. "అయ్యవారూ, ఒక మనిషి లోపల ఉన్నదాన్ని బయటికి రప్పించడం ఎట్లా? ఇంకో శ్లోకం చెప్పకండి. ఉపాయం ఉంటే చెప్పండి, లేకపోతే లేదనండి."

అయ్యవారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఆదివారం సంచి తెచ్చుకో" అన్నారు.

ఆదివారం ఆవిడ సంచితో పాటు సుత్తి కూడా తెచ్చుకుంది. రాళ్ళ పని కదా, కావలసి వస్తుందనుకుంది.

నల్లరేవు వాగు ఒడ్డంతా బంకమన్ను. వరదకు ఒడ్డు విరిగినప్పుడల్లా అందులోంచి గుమ్మడికాయంత బూడిదరంగు గుండ్రాళ్ళు బయటపడతాయి. ఏ కాలంలోనో సముద్రం అడుగున బురద ఉండకట్టి, ఆ ఉండ లోలోపల బిగుసుకుని పగిలి, ఆ పగుళ్ళలోకి నీరు దిగి, నీటిలోని సున్నం మెల్లగా పేరుకుని తేనెరంగు స్ఫటికంగా నిండితే తయారైన రాళ్ళవి. అన్నింటిలోనూ స్ఫటికం ఉండదు. కొన్నింటిలో ఒట్టి మన్నే. పైనుంచి చూసి ఏది ఎలాంటిదో చెప్పడం అయ్యవారికీ చేతకాదు.

"ఇందులో ఉందాండీ?" అని అడిగింది మందాకిని ఒకదాన్ని ఎత్తి పట్టుకుని.

"నాకేం తెలుసు."

"ఇది బాగా బరువుగా ఉంది."

"రాయి కదమ్మా. బరువుగానే ఉంటుంది."

ఎండ ఎక్కింది. సంచి పట్టీ భుజాన్ని కోస్తోంది. చెప్పులకు బంకమన్ను అంటుకుని అడుగు తీసి అడుగు వెయ్యడమే కష్టమైంది. ఏరిన ప్రతి రాయీ ఒకేలా, మూతి ముడుచుకున్నట్టు ఉంది. చివరికి ఆవిడ ఒక రాయిని బండ మీద పెట్టి, "పగలగొట్టి చూస్తాను" అంది.

"సుత్తి నీది. నీ ఇష్టం" అన్నారు అయ్యవారు, వంగిన నడుం ఎత్తకుండానే.

ఒక్క దెబ్బకు రాయి పాత పగుళ్ళ వెంబడే విడిపోయి పెంకులు పెంకులుగా రాలింది. తేనెరంగు పలుకులు గాజుముక్కల్లా చెదిరి బురదలో కలిసిపోయాయి. లోపల ఉందని తెలిసింది గాని, చూడడానికి ఏమీ మిగల్లేదు. ఇంకోదాన్ని మెల్లగా కొట్టింది. అదీ అంతే అయింది. మూడోది ఎన్నో దెబ్బలు కొడితే గాని పగల్లేదు, పగిలాక ఒట్టి మన్నని తేలింది. అరచేతిలో బొబ్బ లేచింది. ఆవిడ సుత్తి పక్కన పడేసి తడినేల మీదే కూలబడింది.

"మరి వీటి లోపలిది చూడడం ఎట్లా?"

"కోయాలి."

"ఆ మాట పొద్దున్నే చెప్పి ఉండొచ్చు కదా అయ్యవారూ."

"నువ్వు అడగలేదు. సుత్తి పట్టుకుని వచ్చావు." ఆయన లేచి నిలబడి నడుం పట్టుకున్నారు. "కోద్దామంటే నా చేతులు వణుకుతున్నాయి. వచ్చే వారం మీ ఆయన్ని పంపు. డ్రైవరు చెయ్యి కదా, నిలకడగా ఉంటుంది."

పాణి వచ్చాడు. రాళ్ళు కోయాలట, అయ్యవారు రమ్మన్నారు అంటే "ఊఁ" అని వచ్చాడు. మందాకిని వెంట వచ్చింది. మేం ఇద్దరు ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం.

అయ్యవారి వెనక వరండాలో గ్రానైటు కోసే చిన్న మిషను ఒకటి ఉండేది. తిరిగే చక్రం మీదికి నీళ్ళు వదిలే గొట్టం ఎప్పుడో పూడుకుపోయింది. బాగుచేయించండి మహాప్రభో అని చెప్పీ చెప్పీ మేం విసిగిపోయాం. అందుకని ఒక మనిషి పక్కన నిలబడి బకెట్టులోంచి మగ్గుతో నీళ్ళు పొయ్యాలి.

"తోయకు నాయనా" అన్నారు అయ్యవారు పాణితో. "రాయిని ఊరికే ఆనించు. తొందరపెడితే వేడెక్కి లోపలి స్ఫటికం చిట్లిపోతుంది." మందాకిని చేతికి మగ్గు ఇచ్చారు. "నువ్వు నీళ్ళు పొయ్యి. ధార తెగకూడదు."

మిషను మొదలైంది. ఆ రొదలో పక్కనే ఆనుకుని నిలబడితే తప్ప ఎవరి మాట ఎవరికీ వినబడదు. చక్రం రాయిలోకి దిగుతోందో లేదో కూడా తెలియనంత నెమ్మదిగా దిగుతోంది. బూడిదరంగు బురదనీళ్ళు అందరి బట్టల మీదా చింది పడుతున్నాయి. మందాకిని చీర మోకాళ్ళ దాకా తడిసింది. భుజం లాగేస్తోంది. ఇంత చేసినా కనిపించేది ఒక గీత, ఆ గీత నిండా బురద. నేను మెట్ల మీద నుంచి చూస్తున్నాను. ఆవిడ ఆ మగ్గును ఏ క్షణంలోనైనా గోడకేసి కొడుతుందనిపించింది. అయ్యవారు మధ్యమధ్య "ధార" అని సైగ చేయడం తప్ప ఏమీ పట్టించుకోవడం లేదు.

అప్పుడు పాణి పెదవులు కదిలాయి. అతనేమన్నాడో మాకు వినబడలేదు. తరవాత మందాకినే చెప్పింది. రాయి మీంచి చూపు తిప్పకుండా అన్నాడట: "ఆయన చెప్పులు కొత్తవి. అడుగున అంటించిన చీటీ కూడా ఊడలేదు."

యేడాదికి పైగా ఆవిడ ఎదురుచూసిన మాట. ఏ చెప్పులు, ఎప్పుడు చూశారు, నాకెందుకు చెప్పలేదు, ఇన్నాళ్ళూ నన్నెందుకిలా కాల్చుకు తిన్నారు. అన్నీ ఒక్కసారి నోటి దాకా వచ్చాయి. అతని వైపు వంగింది. చేతిలో మగ్గు ఆగిపోయింది. చక్రం కీచుమంది. కాలిన మన్ను వాసన వచ్చింది.

అయ్యవారు ఆవిడ మోచెయ్యి తట్టి మగ్గు వైపు చూపించారు.

మందాకిని నోరు మూసుకుని నీళ్ళు పోసింది. కాసేపటికి అతను మళ్ళీ మాట్లాడాడు. ఒక చెప్పు బస్సు ముందు చక్రం దగ్గర పడిందట. రెండోది రోడ్డు అవతల. తను దిగి, వానలో వెతికి, రెండూ తెచ్చి ఆయన కాళ్ళకు తొడగబోయాడట. జనం వెనక్కి లాగేశారట. "తొడగనివ్వలేదు" అన్నాడట. ఆ మాట రెండుసార్లు అన్నాడట. ఆవిడ పోస్తూనే ఉంది.

రాయి రెండుగా విడింది. అయ్యవారు మిషను ఆపారు. దానితోపాటు పాణి మాటా ఆగిపోయింది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, ముఖం మీద చాలాసేపు నీళ్ళు కొట్టుకున్నాడు.

అయ్యవారు ఒక చెక్కను కడిగి వెలుతురులోకి పట్టి చూశారు. "ఒక మూల సన్నటి గీత. మిగతాదంతా మన్ను" అని సణిగి పక్కన పెట్టేశారు. మందాకిని దాని వైపు చూడను కూడా లేదు. కుళాయి వైపే చూస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు మాట్లాడారు అయ్యవారూ. ఇంకా ఉంది ఆయనలో, నాకు తెలుస్తోంది. ఇంటికి వెళ్ళాక అడగనా?"

అయ్యవారికి మామూలుగా వచ్చే విసుగే వచ్చింది. వారం క్రితం ఆవిడే మోసుకొచ్చిన సంచిని కాలితో ముందుకు జరిపారు.

"ఇన్ని రాళ్ళు పెట్టుకుని ఇంటికెందుకమ్మా. బకెట్టు ఖాళీ అయింది, నింపుకురా."