వంద బారల తాడు

మారభూపతికి బుద్ధి పుడితే ఆగడు. కొత్త చెరువు కావాలన్నాడు, తవ్వించాడు. ఆ నీళ్లలో ఆస్థాన గణిత పండితుడు విరూపాక్ష భట్టు గారి మూడుమూలల పొలం మునిగింది.

“అచ్చం అంతే పొలం గట్టు అవతల తీసుకో. కానీ కొలతలు మూడే చెప్పాలి. చూద్దాం నీ పాండిత్యం!” అన్నాడు రాజు.

శాలువా సర్దుకోనిదే భట్టుకి నోరు పెగలదు. సర్దుకున్నాడు.

“ఒక లంబకోణం. దానిలో మూడోవంతు ఉండే సన్నకోణం. వంద బారల భుజం ఒకటి. చాలు ప్రభూ!”

కొలిచే రోజు సభంతా గట్టుకి తరలింది. భట్టు మహానుభావుడు తానే తాడు పట్టాడు. వంద బారల తాడుని సన్నకోణానికి ఎదురుగా, అన్నిట్లోకీ చిన్న భుజంగా వేశాడు. ఇక మిగతా రెండు భుజాలూ సాగాయి చూడండి, కుమ్మరులు మట్టి తీసుకునే నేలంతా మింగేశాయి! మునిగినదానికి మూడింతలు. సిగ్గూ శరం ఉంటేగా!

“మట్టి లేకపోతే మేమెట్టా బతకాలి దొరా?” కుమ్మరి పోలయ్య గొల్లుమన్నాడు.

“గోళ్లు గిల్లుకుంటూ కూర్చో,” అన్నాడు భట్టు.

రాజుకి తాంబూలం అందించే మల్లసానికి ఒళ్లు మండింది.

“భట్టుగారూ, ఆ వంద బారలు ఏ పక్క ఉండాలో చెప్పలేదేం?”

“ఓసి ఆకులు మడిచేదానా! రెండు కోణాలూ ఒక భుజమూ కుదిరితే త్రిభుజాలు రెండూ ఒకటే. భుజం ఏ పక్కనుంటే నీకేం?”

“విన్నారుగా ప్రభూ! అయితే నేనూ ఒకసారి వేస్తాను.”

అదే తాడుని ఆమె లంబకోణానికి ఎదురుగా, అన్నిట్లోకీ పెద్ద భుజంగా వేయించింది. కోణాలు అవే, తాడూ అదే. పొలం మాత్రం ముడుచుకుపోయింది.

భట్టు గుండెలు బాదుకున్నాడు. “అన్యాయం! నా పాత పొలం ఇంతకన్నా పెద్దది! అందులో ఆ భుజం నేను చెప్పిన రెండు కోణాల మధ్య ఉండేది!”

“మరి ఇందాక మధ్యలో వేయలేదేం, భట్టుగారూ?”

భట్టు శాలువా సర్దుకోబోయాడు. రాజు పగలబడి నవ్వాడు.

“ఏ పక్కనైనా ఒకటేనన్నావుగా! మల్లసాని వేసిందే నీది, పో!”

అని మెడలో ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పోలయ్య నవ్వాపుకోలేక తన మట్టిలోనే చతికిలబడ్డాడు.