ఇటుకల చాటు గిన్నె

హిమజ గిన్నెలు మళ్ళీ తెల్లగానే వచ్చాయి.

బట్టీ తలుపు ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి చూసింది. లోపల చూసింది, బయట చూసింది, తిరగేసి అడుగు కూడా చూసింది. ఎక్కడా గులాబీ రంగు చుక్కైనా లేదు. పాలలో ముంచి తీసినట్టు తెలుపు.

ఈ పూతతో కాల్చిన మొదటి బట్టీలో ఇలాంటి గిన్నెలే ఒక పక్క గులాబీ రంగు పొగమంచులా పట్టి వచ్చాయి. ఆ రంగు చూసే హైదరాబాదులో జరిగే మట్టికళ ప్రదర్శనకు ఆమెను తీసుకున్నారు. మూడేళ్ళ శిష్యరికంలో అదే మొదటి ప్రదర్శన. మధ్య బల్ల ఇస్తామన్నారు, గులాబీ గిన్నెలతో నింపితేనే అన్నారు. ఉన్నవి నాలుగే. ఆ తర్వాత రెండు బట్టీలు కాలాయి. రెండుసార్లూ తెలుపే. ఇక మిగిలింది ఒక్క బట్టీ.

వికారాబాద్ దాటాక గుట్ట మీద ఉన్న ఆ షెడ్డులో పది పన్నెండు మంది మట్టి పని చేస్తారు. సారెలు ఎవరివి వాళ్ళవి. గ్యాస్ బట్టీ మాత్రం అందరికీ ఒకటే. అందరికీ నేర్పింది తస్నీమ్. అక్కలాంటిదని అందరూ ఆపా అంటారు. మోకాలు బాగాలేక చేతికర్రతో నడుస్తుంది. ఎక్కువ మాట్లాడదు.

హిమజ లెక్కల మనిషి. పూతలో తగరం పొడి ఎంత, సున్నపురాయి ఎంత, గుట్ట మీద తనే ఏరి నూరిన తెల్లరాయి ఎంత, అన్నీ గ్రాములో పదో వంతు దాకా తూచి కలుపుతుంది. ఆ తెల్లరాయిలోనే గులాబీ రంగు రహస్యం ఉందని ఆమె నమ్మకం. తూకం తప్పలేదు. వేడి తప్పలేదు. లెక్కలో తప్పు లేనప్పుడు తప్పు మనిషిలో ఉండాలి.

ఆ మనిషి ఎవరో కూడా ఆమెకు తెలుసు.

ఇమ్మానుయేలు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి, గడువుకు ముందే రిటైరై మట్టిలోకి వచ్చాడు. షెడ్డులో అందరూ టీసీ గారనే పిలుస్తారు. ఆయన చేసేవి జాడీలు, అన్నీ ముదురు ఆకుపచ్చవే. మొదటి బట్టీ తెరిచిన రోజు ఆయన హిమజ గిన్నెను చేతిలోకి తీసుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

“ఏం కలిపావు తల్లీ ఇందులో?”

“మామూలు తెలుపే టీసీ గారూ.”

“మామూలు తెలుపు ఇట్లా సిగ్గుపడుతుందా? టికెట్ లేని వాడి మొహం నాకు తెలీదా. నువ్వేదో దాస్తున్నావు.”

అంటూనే వంగి ఆమె బకెట్‌లోకి తొంగి చూశాడు. వేలు ముంచి, పూతను రెండు వేళ్ళ మధ్య రాసి కూడా చూసుకున్నాడు. అందరూ నవ్వారు. హిమజ నవ్వలేదు. జీవితమంతా ఇతరుల సామాన్ల మధ్య తిరిగిన మనిషి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది అనుకుంది.

ఆ రోజే బకెట్‌ను తన మూలకు మార్చేసింది. మొదటిసారి చోటు లేక గిన్నెల్ని ఆయన జాడీల మధ్య ఇరికించాల్సి వచ్చింది. మళ్ళీ ఆ అవసరం రానివ్వలేదు. రెండో బట్టీలో ఆయనవి కింది అరలో ఉంటే తనవి పై అరలో, ఆ చివర పేర్చుకుంది.

అవి తెల్లగా రాగానే అనుమానం రూఢి అయింది. వేలు ముంచిన రోజే ఏదో కలిపి ఉంటాడు. బకెట్ పారబోసి పూత కొత్తగా కలిపింది. మూత మీద రాయి పెట్టింది. లోపల పూత మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసింది. పొద్దున చూస్తే మట్టం గీతకు కాస్త కిందికి ఉండేది. నీళ్ళు ఇగిరిపోతాయని ఆమెకు తెలియక కాదు. అయినా గీతను నమ్మింది, నీళ్ళను నమ్మలేదు.

టీసీ గారు పక్కకు వస్తే టీ గ్లాసు మీద కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేది.

“టీలో కూడా రహస్యమేనా తల్లీ?” అని అడిగాడాయన ఒకసారి. ఆమె గ్లాసు తీసుకుని అవతలికి వెళ్ళిపోయింది.

మూడో బట్టీలోనూ అలాగే, దూరంగా, పై అరలోనే పేర్చుకుంది. ఇదిగో, మళ్ళీ తెలుపు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు తన మూల చుట్టూ నేల మీద తెల్ల సుద్దపొడి పల్చగా చల్లింది. ఎవరొచ్చినా అడుగులు పడి తీరాలి.

పొద్దున వచ్చి చూస్తే అడుగులున్నాయి. చెప్పుల గుర్తులు. వాటి పక్కనే చిన్న గుండ్రటి గుర్తులు. చేతికర్ర కొస.

హిమజ ఆ గుర్తుల దగ్గరే నిలబడిపోయింది. ఆపా కూడానా? టీసీ గారి జాడీలంటే ఆపాకు ఇష్టం. మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి కూర ఒకరు వేసుకుని తింటారు. ఇన్నాళ్ళూ ఆ ఇద్దరినీ కలిపి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అన్నీ సరిగ్గా అతుకుతున్నాయి.

గుమ్మం దగ్గర ఆపా చెప్పులు దులుపుకుంటోంది.

“నీ సుద్ద అంటింది బేటా. నిన్న మూత తీసి చూసుకున్నావు, పెట్టకుండా వెళ్ళిపోయావు. పూత ఎండిపోతుందని పెట్టి వచ్చాను.”

తను మూత పెట్టిందో లేదో హిమజకు గుర్తు రాలేదు. ఆపా మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. అక్కడ ఏమీ దొరకలేదు.

“ఆపా, టీసీ గారిని పంపించేయండి. లేకపోతే నేనే వెళ్ళిపోతాను.”

“ఏం చేశాడు?”

“నా రంగు పాడుచేస్తున్నాడు.”

“నువ్వు చూశావా?”

“కనపడకుండా చేస్తాడు. అందుకే కదా పట్టుకోలేకపోతున్నాను.”

ఆపా చెప్పులు వేసుకుంది. “ఎల్లుండి బట్టీ పేరుస్తాను. అది కాలనివ్వు. అప్పటికీ పంపించమంటే పంపిస్తాను.”

అక్కడ ఎవరి కుండలు వాళ్ళే బట్టీలో పేర్చుకుంటారు. పూత పూసిన కుండను ఇంకొకరు ముట్టరు. ప్రదర్శనకు ముందు కాలే ఆఖరి బట్టీ మాత్రం ఆపా ఒక్కతే పేరుస్తుంది. మిగతావాళ్ళు వరసలో నిలబడి అందించాలి. ఎక్కడ, ఎందుకు అని అడగకూడదు.

ఆపా ముందుగా టీసీ గారి జాడీలు అడిగి తీసుకుంది. వాటిని అర మీద ఎడంగా నిలబెట్టి, చెయ్యి వెనక్కి చాపింది.

“హిమజ గిన్నెలు.”

హిమజ అందించింది. ఆపా వాటిని ఆ జాడీల చుట్టూ, వేలెడు దూరంలో పెట్టుకుంటూ పోయింది.

హిమజ పద్ధతి మరిచిపోయింది. “వాటి పక్కనా ఆపా?”

“పూత సరిగ్గా కలపలేదా?”

“కలిపాను.”

“మరి?”

“పూత మీద నాకు నమ్మకముంది. ఆయన మీదే లేదు.”

టీసీ గారు ఆమె వెనకే ఉన్నాడు, చేతిలో ఇంకో జాడీతో. జాడీని మెల్లగా కింద పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళాడు. వరసలో అందరూ నేల చూపులు చూశారు.

ఆపా చేతిలో ఆఖరి గిన్నె ఉంది. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని, మూలనున్న బట్టీ ఇటుకలు తెమ్మంది. గిన్నెను ఒక జాడీ పక్కన పెట్టింది. దాని చుట్టూ ఇటుకలు నిలబెట్టింది. పైన ఒక పలక మూసింది.

“దీనికి మాత్రం ఆయన భయం లేదు” అంది.

బట్టీ కాలి చల్లారిన రోజు ఆపా తలుపు తెరవమని హిమజకే చెప్పింది. టీసీ గారు దగ్గరికి రాలేదు. కుళాయి దగ్గర, ఎప్పుడో కడిగేసిన జల్లెడను మళ్ళీ కడుగుతున్నాడు.

తలుపు తీయగానే వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. గులాబీ. మొదటిసారి కంటే ముదురు గులాబీ.

హిమజ ఒక గిన్నె తీసి చేతిలో తిప్పింది. ఒక పక్క గులాబీ, అవతలి పక్క తెలుపు. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఆ రెండో గిన్నెను ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి అర మీద పెట్టి చూసింది. గులాబీ ఉన్న పక్క జాడీ వైపుకు ఉంది. మిగతావాటిని తీయకుండానే, మెడ వంచి చూసింది. అన్నీ జాడీ వైపే. జాడీకి దగ్గరైనచోట ముదురుగా, దూరమయ్యేకొద్దీ పలచగా.

అలవాటు కొద్దీ లెక్క వేసింది. మొదటి బట్టీ, జాడీల మధ్య, గులాబీ. రెండోది, పై అర, తెలుపు. మూడోది, పై అర, తెలుపు. ఆకుపచ్చ పూత నుంచి వేడికి ఏదో ఆవిరై లేస్తోంది. అది తెలుపు మీద వాలినచోట గులాబీ అవుతోంది. తెల్లరాయి ఆ లెక్కలో ఎక్కడా రాలేదు.

ఆపా చేతికర్రతో ఇటుకల వైపు చూపించింది.

హిమజ పలక ఎత్తి, ఇటుకలు ఒక్కొక్కటే తీసింది. లోపలి గిన్నె చుట్టూరా తెల్లగా, మచ్చ లేకుండా ఉంది.

“ఇప్పుడు చెప్పు బేటా. పంపించేయనా?”

హిమజ కుళాయి వైపు చూసింది.

ఆపా వంగి ఆ తెల్ల గిన్నెను తీసి ఆమె దోసిట్లో పెట్టింది. అది ఇంకా వెచ్చగా ఉంది.

“వీటన్నిటిలో పూర్తిగా నీది ఇదొక్కటే.”

ప్రదర్శనకు గిన్నెలన్నీ వెళ్ళాయి, అదొక్కటి తప్ప. అది షెడ్డులోనే, బకెట్ మూత మీద, ఇదివరకు రాయి ఉన్నచోట ఉండిపోయింది.

టీసీ గారినీ ప్రదర్శనకు తీసుకున్నారు. హాల్లో ఆయన జాడీలకు తలుపు పక్కన గోడ బల్ల ఇచ్చారు. జనం రాకముందు హిమజ అక్కడికి వెళ్ళి, ఒక జాడీని రెండు చేతులా ఎత్తుకుంది.

టీసీ గారు అడ్డంగా నిలబడ్డాడు. చాలా రోజులకు ఆమెతో మాట్లాడాడు.

“టికెట్ ఏది? ఎక్కడికి దీన్ని?”

“మధ్య బల్ల మీదికి.”

“అక్కడ నాకు చోటివ్వలేదు కదమ్మా వాళ్ళు.”

“దాని చోటు అదే టీసీ గారూ.”

జాడీని బల్ల నడిమధ్యలో పెట్టింది. గిన్నెల్ని దాని చుట్టూ, వేలెడు దూరంలో, బట్టీలో ఉన్నట్టే పేర్చింది. గులాబీ పక్కలన్నీ జాడీ వైపుకు తిప్పింది. దూరం నుంచి చూసేవాళ్ళకు తెలుపే కనిపిస్తుంది. గులాబీ చూడాలంటే జాడీ దాకా వంగాల్సిందే.

అందరికంటే ముందు టీసీ గారే వంగాడు. ఒక గిన్నె చూశాడు. పక్కదాన్ని చూశాడు. తన జాడీ చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగొచ్చాడు.

ఈసారి ఏం కలిపావని అడగలేదు.